కాలీఫ్లవర్ జాడీ నేర్పిన పాఠాలు

మామిడి ఆవకాయ పెట్టడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. నాలుగు వేసవులు ఆవిడ చెయ్యి చూశాక భయం పోయింది. ఆ ధీమాతోనే ఒక ధనుర్మాసంలో రెండు కాలీఫ్లవర్ పువ్వులు తెచ్చి, అదే లెక్కన కలిపి జాడీకెత్తాను. ఐదో రోజు వాసెన విప్పితే పైన తెల్లటి బూజు చుక్కలు, గరిటె పెడితే బుడగలు, పులిసిన వాసన. పెరట్లో గొయ్యి తీసి పూడ్చాల్సి వచ్చింది. అంత కారం, అంత పప్పునూనె మట్టిపాలవుతుంటే ఏడుపొచ్చింది. అత్తగారు కోప్పడలేదు. "మామిడికాయకి పులుపు పుట్టుకతోనే ఉంటుందే అమ్మాయ్, దీనికేముందీ?" అన్నారు. కూరగాయ పచ్చళ్ల గురించి నేను తెలుసుకున్నదంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

1. పులుపు తగ్గించకండి.
కాలీఫ్లవర్, క్యారెట్, దొండకాయ, చిక్కుడు – వీటన్నిటిలో నీరు ఎక్కువ, పులుపు దాదాపు లేదు. పచ్చడి నిలవుండాలంటే ఆ పులుపు మనమే ఇవ్వాలి. బొట్యులిజం అనే విషజబ్బు తెచ్చే సూక్ష్మజీవి గాలి తగలని చోట పెరుగుతుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6కి గానీ, అంతకన్నా కిందికి గానీ దిగితే అది పెరగలేదు. పైన నూనె తేలితే గాలి అందదు, బూజు ఆగుతుంది. కానీ ఈ జీవికి గాలి అందని చోటే కావాలి కనుక, నూనె దండిగా పోశాం కదా అని నిమ్మరసం తగ్గించడం చాలా తప్పు. శుభ్రం చేసిన కిలో పువ్వుకి నేను 200 మిల్లీలీటర్ల రసం పోస్తాను. మంచి రసమున్న కాయలైతే ఎనిమిదో పదో పడతాయి.

2. తడి ఆరాకే కారం డబ్బా మూత తియ్యండి.
అన్నిటికన్నా ఎక్కువ పచ్చళ్లు పాడయ్యేది ఇక్కడే. పువ్వును బొటనవేలంత రెమ్మలుగా విడదీసి, ఉప్పూ పసుపూ వేసిన గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులు బయటికొస్తాయి. తీశాక ఉతికిన పాత పంచె మీద తలకిందులుగా, కాడ పైకి ఉండేలా పరుస్తాను. గుబురులో చిక్కుకున్న నీరు అప్పుడే కిందికి దిగుతుంది. రెండు గంటలయ్యాక ఒక రెమ్మ తీసి పొడి కాగితం మీద అదుముతాను. చెమ్మ మచ్చ పడిందా, ఇంకా ఆరలేదన్నమాట. కాడ కోసిన చోట తెలుపు పోయి, కొంచెం ముడత పడినట్టు కనిపించాలి. అప్పటిదాకా తొందరపడను.

మా మనవరాలు న్యూజెర్సీ నుంచి "ఇక్కడ ఎండ రాదు అమ్మమ్మా" అంటే, రాత్రంతా ఫ్యాను కింద పరవమన్నాను. చక్కగా కుదిరింది. కావలసింది పొడిగాలి.

పండుమిరపకాయలకి ఇంకో జాగ్రత్త ఉంది. తొడిమలతోనే కడగాలి, తుడవాలి, నీడన ఆరబెట్టాలి. తొడిమలు తీసేది పూర్తిగా ఆరాకే. ముందే తీస్తే ఆ కంతలోంచి నీరు లోపలికి పోతుంది, పైన ఎంత తుడిచినా లాభం లేదు.

3. ఉప్పు తూచండి, కొలవకండి.
హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో "గ్లాసు కారానికి ముప్పావు గ్లాసు ఉప్పు" అని చెప్పాను. నా మనసులో ఉన్నది దంచని రాళ్ల ఉప్పు. తను వేసింది ప్యాకెట్‌లో వచ్చే మెత్తటి ఉప్పు. రాళ్ల మధ్య సందులుంటాయి, మెత్తటి ఉప్పులో ఉండవు; అదే గ్లాసుకి మెత్తటిది ఎక్కువ తూగుతుంది. పచ్చడి నోట పెట్టలేకపోయారు. ఇంకో అరకిలో ముక్క ఆరబెట్టి, ఉప్పు లేకుండా కారం, ఆవపిండి, నిమ్మరసం కలిపి అందులో వేస్తేగానీ దారికి రాలేదు. తప్పు నాది, సరిగ్గా చెప్పలేదు. అప్పటినుంచి గ్రాముల్లోనే చెబుతున్నాను: కిలో ముక్కకి కారం 125, ఉప్పు 125, ఆవపిండి 100, పప్పునూనె సుమారు 400 మిల్లీలీటర్లు, చెంచాడు పసుపు, చెంచాడు మెంతులు. ఇది మా గోదావరి వైపు పద్ధతి. తెలంగాణలో అల్లంవెల్లుల్లి ముద్ద వేసి, పల్లీనూనెతో పోపు పెడతారు, అదీ బాగుంటుంది.

4. ఆవపిండికి వేడి తగలనివ్వకండి.
ఆవాలు ఎండలో పెట్టి, చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే పిండి వేడెక్కి చేదెక్కుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆవపిండికి ఘాటుండదు, ముక్కలోని చెమ్మ తగిలాకే పుడుతుంది. మరిగే నూనె పోస్తే ఆ ఘాటు పుట్టకుండానే పోతుంది. పోపు పెట్టేవాళ్లు నూనె పూర్తిగా చల్లారాకే కలపాలి. కలిపిన రోజు కాస్త చేదనిపిస్తే బెంగపడకండి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

5. దోసకాయ ప్రతిదీ రుచి చూడండి.
ఒక్క చేదుకాయ చాలు, జాడీ అంతా పోతుంది. దోసావకాయ నీరు వదులుతుంది కనుక కొద్దికొద్దిగా పెట్టుకుని వారం, పది రోజుల్లో తినేయాలి.

6. మూడో రోజు తిరగకలపడం మానకండి.
అప్పటికి ముక్క ఊరి, ఊట పైకొచ్చి, ఉప్పూ కారం అడుక్కి దిగుతాయి. పొడి చెక్క గరిటెతో అడుగునుంచి కలిపి, ఒక ముక్క కొరికి చూడండి. ఉప్పు, పులుపు సరిచేసుకోవలసింది ఇప్పుడే. ముక్కల మీద నూనె తేలకపోతే కాచి చల్లార్చిన నూనె పోయండి. తర్వాత జాడీ అంచు పొడిగుడ్డతో తుడవండి. బూజు మొదట పట్టేది అంచుకి అంటిన ముద్ద దగ్గరే. నేను వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, మిగతాది ఫ్రిజ్‌లో పెడతాను.

ఈ ఏడు పువ్వు గట్టిగా, తెల్లగా వచ్చింది. నిన్న రెండు కిలోలు కలిపాను. రేపు తిరగకలపాలి.