సెల్ ఫోను వ్యవస్థ: నిర్మాణ సూత్రాలు

హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రహదారిపై మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగితే, మర్రిచెట్ల వెనుక పొలాలలో అక్కడక్కడ ఇనుప టవర్లు కనబడతాయి. ఆ టవర్లతో మాట్లాడే పరికరం మనలో దాదాపు ప్రతివారి జేబులోనూ ఉన్నది. అయినా టవరు అక్కడే ఎందుకు నిలిపారు, రెండు టవర్ల నడుమ ఎంత దూరం ఉండాలి అని మనం సాధారణంగా ఆలోచించము. 2020లో కళాశాలలు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు, సిగ్నల్ అందిన విద్యార్థికి చదువు అందింది. అందని విద్యార్థికి ఆగింది. కనుక ఈ విషయం ఇంజనీర్లకు మాత్రమే పరిమితమైనది కాదని మేము భావిస్తున్నాము.

కొరత నుండి పుట్టిన ఆలోచన

రేడియో తరంగాల పౌనఃపున్యాలు పరిమితమైనవి. భారతదేశంలో మొదటి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. ఆనాడు వచ్చిన జి.ఎస్.ఎం. పద్ధతిలో ఫోను నుండి టవరుకు 890 మొదలు 915 మెగాహెర్ట్జుల వరకు, టవరు నుండి ఫోనుకు 935 మొదలు 960 వరకు కేటాయించారు. ఒక్కొక్క దారికి 200 కిలోహెర్ట్జుల వెడల్పు ఇస్తే 124 దారులు ఏర్పడతాయి. పెండ్లి విందులో బంతులు వేసినట్లు, ఒక్కొక్క దారిని కాలాన్ని బట్టి 8 వంతులుగా పంచుతారు. అంటే మొత్తం 992 సంభాషణలు. గోల్కొండ కొండపై ఒకే ఒక పెద్ద టవరు నిలిపి నగరం నుండి చేవెళ్ల వరకు సేవ చేయాలనుకుంటే, ఒకేసారి వెయ్యిమందికి కూడా చోటు దొరకదు.

ఈ చిక్కుకు పరిష్కారం 1947లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఆలోచించారు. పెద్ద ప్రదేశాన్ని చిన్నచిన్న గదులుగా విభజించి, ప్రతి గదిలో తక్కువ శక్తి గల టవరు నిలపాలి. ఒక గదిలో వాడిన పౌనఃపున్యాన్నే దూరాన ఉన్న మరో గదిలో తిరిగి వాడాలి. ఆ గదినే ఇంగ్లీషులో సెల్ అన్నారు. ఉర్దూలో ఖానా అనవచ్చు. ఈ సూత్రం మనకు కొత్తది కాదు. పక్కపక్క వాడల్లో రెండు పెండ్లిండ్లకు మైకులు పెడితే ఏ పాటా సరిగా వినబడదు. నాలుగు ఊళ్ల అవతలి మైకు మాత్రం మనకు అడ్డు రాదు.

దూరం చేసే మేలు

ఆకాశంలో అడ్డులేని చోట దూరం రెట్టింపు అయితే తరంగ శక్తి నాలుగో వంతు అవుతుంది. ఇండ్లు, చెట్లు, గుట్టలు ఉన్న నేలపై అది సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. ఇది నష్టమే గాని, ఈ నష్టమే దూరపు టవరు రొదను మన చెవిన పడకుండా ఆపుతుంది.

ఖాళీలు లేకుండా నేలను పరచగల సమభుజ ఆకారాలు మూడే: త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. వాటిలో వృత్తానికి దగ్గరగా ఉండేది షడ్భుజి. కనుక పటం మీద గదులను తేనెపట్టు వలె గీస్తారు. ఏడు గదులను ఒక గుంపుగా చేసి దారులను వాటికి పంచితే, ఒకే పౌనఃపున్యం వాడే రెండు గదుల కేంద్రాల మధ్య దూరం, గది వ్యాసార్థానికి 21 వర్గమూలం రెట్లు, అంటే సుమారు 4.58 రెట్లు ఉంటుంది. వ్యాసార్థం 2 కిలోమీటర్లయితే ఆ దూరం సుమారు 9.2 కిలోమీటర్లు. మొయినాబాదుకు, చేవెళ్లకు మధ్య దూరం అంతకంటె ఎక్కువే. కనుక అక్కడి పౌనఃపున్యాన్నే ఇక్కడ నిర్భయంగా వాడవచ్చును.

ఎందరికి చోటు?

ఒక గదికి 30 మాటదారులు ఉన్నవనుకుందాం. గంటలో ఒక్కొక్కరు 2 నిమిషాలు మాట్లాడితే 900 మందికి సరిపోతాయని లెక్క తేలుతుంది. కాని జనం వరుసలో నిలబడి మాట్లాడరు, ఒకేసారి విరుచుకుపడతారు. డెన్మార్కు గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రం ప్రకారం, నూటికి రెండు ప్రయత్నాలకు మించి విఫలం కాకూడదంటే ఆ 30 దారులు సుమారు 660 మందికే చాలుతాయి.

ఇక్కడే మన రెండు ఊళ్ల తేడా తెలుస్తుంది. మొయినాబాదు ప్రాంతంలో కళాశాలలు, చిలుకూరు యాత్రికులు ఉన్నారు. అక్కడ సమస్య రద్దీ. కనుక గదులు చిన్నవిగా చేయాలి, ఒక్కొక్క గదిని 120 డిగ్రీల చొప్పున మూడు ముక్కలు చేయాలి. ఉస్మాన్ సాగర్ వంటి జలాశయాల మీదుగా తరంగాలు అడ్డులేక దూరం పోతాయి గనుక, ఆంటెనాలను కొద్దిగా కిందికి వంచాలి. చేవెళ్ల చుట్టూ పొలాల మధ్య విడివిడిగా ఉన్న పల్లెల్లో సమస్య రద్దీ కాదు, విస్తీర్ణం. అక్కడ ఎత్తైన టవరు, దూరం పోగల తక్కువ పౌనఃపున్యం కావాలి. 700 మెగాహెర్ట్జుల తరంగం 3500 మెగాహెర్ట్జుల తరంగం కంటె దూరం పోతుంది, గోడలను కూడా మెరుగుగా దాటుతుంది.

రహదారి సంగతి వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు 4 కిలోమీటర్ల గదిని 4 నిమిషాలలో దాటుతుంది. దాటే క్షణంలో మాట తెగకుండా ఒక టవరు మరొక టవరుకు ఫోనును అప్పగించాలి. అందుకే పొరుగు గదుల అంచులు కొంత మేర ఒకదానిపై ఒకటి పరచుకొని ఉండాలి. ప్రమాదం జరిగి 108కి ఫోను చేసేవానికి ఈ అంచు ప్రాణంతో సమానం.

ముగింపు

తర్వాతి కాలంలో పద్ధతులు మారాయి. 2012లో దేశానికి వచ్చిన నాలుగవ తరం, 2022 అక్టోబరు 1న ప్రారంభమైన అయిదవ తరం వ్యవస్థలలో పక్క గదులు కూడా ఒకే పౌనఃపున్యాన్ని వాడగలవు. అయినా పొరుగువాని రొదను అదుపులో ఉంచి, ఉన్న కొద్దిదానిని అందరికీ పంచడమనే మూలసూత్రం మారలేదు.

రద్దీ ఉన్నచోట టవరు ఖర్చు త్వరగా తిరిగి వస్తుంది. చివరి పల్లెలో రాదు. అందువల్ల ఆ పల్లెను పటంలో కలపడమో, వదలడమో ప్రకృతి నియమం కాదు, మనుషుల నిర్ణయం. విద్యార్థి మిత్రులారా, మీ ఊరిలో ఏ వీధిన సిగ్నల్ ఎంత ఉన్నదో మీ ఫోనే డీబీఎం లెక్కలో చూపుతుంది. మైనస్ 80 అంటే బాగున్నట్లు, మైనస్ 110 అంటే బలహీనమైనట్లు. భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ కొలతలు తీసి గ్రామాల పటం తయారు చేసేందుకు కళాశాల కమిటీ ప్రోత్సాహమివ్వాలని మా మనవి. ఆ పటం చేతిలో ఉంటే, అడగవలసిన చోట అంకెలతో అడగగలుగుతాము.