తిరిగి లోపలికి పెట్టేదే లెక్క

చిత్తూరు,
పరాభవ ఉగాదికి మూడు వారాల ముందు

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ దీవించి రాయునది.

నిన్న ఫోనులో "కాలు పెట్టేదానికి జాగా లేదు పెద్దమ్మా, ఈ ఆదివారం అంతా ఎత్తి పారేస్తా" అన్నావు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, అత్తమ్మ, తిరుపతిలో రెండు గదుల ఇల్లు. విసుగు రాకుండా ఎట్లుంటుంది? అయినా విసుగు మీద ఇల్లు సర్దొద్దు పాపా. విసుగు మీద పారేసినవాటిలో సగం మళ్ళీ కొనుక్కుంటాం. మిగిలిన సగంలో ఎంత డబ్బు పెట్టినా దొరకనివి ఉంటాయి. ఫోనులో చెప్తే తెగదని కాగితం పట్టుకున్నాను.

ఈ మార్చి 19న పరాభవ నామ సంవత్సరం వస్తా ఉంది. నేను పుట్టింది పోయిన పరాభవలో, 1966లో. అరవై పేర్లు తిరిగి నా పేరుకే వచ్చాయి. ఈ లోపల నాలుగిండ్లు మారాను, ప్రతి ఉగాదికీ బూజు దులిపాను. సర్దడం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. అది కూడా మీ ఊరి కొండ మీద జరిగేదాన్ని చూసే.

కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం పేరు వినే ఉంటావు. ఏడాదికి నాలుగుసార్లు, ఉగాదికి, ఆణివార ఆస్థానానికి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందొచ్చే మంగళవారం, స్వామి గుడిని కడుగుతారు. తెల్లవారి మొదలుపెట్టి పొద్దెక్కేలోపల ముగిస్తారు, అంతసేపు దర్శనం ఆపుతారు. మూలవిరాట్టు మీద వస్త్రం కప్పుతారు. లోపలుండే పూజాసామగ్రిని బయటికి తెస్తారు. ఆనందనిలయం మొదలుకొని బంగారువాకిలి దాకా, ఉపాలయాలు, పోటుతో సహా, పైకప్పులు, గోడలు అన్నీ నీళ్ళతో కడుగుతారు. ఆ తర్వాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధంపొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన పరిమళ ద్రవ్యం గోడలకు చల్లుతారు. అదయ్యాక వస్త్రం తీసి, పూజ చేసి, నైవేద్యం పెట్టి, అప్పుడు భక్తుల్ని వదులుతారు.

ఇందులో నాకు పట్టుకున్నది ఒకటే. ముందు సామాన్లు బయటికి వస్తాయి, తర్వాతే కడగడం. మనం ఇంట్లో తలకిందులుగా చేస్తాం. బీరువా ముందర నిలబడి ఒక్కొక్కటి చేతికి తీసుకుని "ఇది పారేద్దామా?" అని అడుగుతాం. అట్లా అడిగితే ఏ వస్తువైనా "ఉండనీలే" అనే అంటుంది. అదే అర ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి, సామానంతా వసారాలో దుప్పటి మీద పోసి "ఇందులో లోపలికి పోవాల్సింది ఏది?" అని అడిగి చూడు. లెక్క మారిపోతుంది. తిరిగి పెట్టుకోదగ్గది నీ చెయ్యే ఎంచుకుంటుంది. ఎంచుకోనిది దుప్పటి మీదే మిగిలిపోతుంది, దాని గురించి పెద్దగా కొట్టుకోవాల్సిన పని ఉండదు.

అందుకని ఒక్క ఆదివారం మాట మర్చిపో. రోజుకొక అర, కష్టమైతే రెండు రోజులకొకటి. ఆ రోజు తీసినది ఆ రోజే లోపలికి పోవాల, లేదంటే గడప దాటాల. దుప్పటి మీద రాత్రి మిగలకూడదు. బూజు మాత్రం అన్ని గదులదీ ముందే దులిపేసెయ్, తలకు గుడ్డ కట్టుకుని, పైనుంచి కిందికి. మంగళవారం, శుక్రవారం బూజు దులపకూడదని మీ అత్తమ్మ అంటే బుధవారం చెయ్యి. ఆమెతో ఆ వాదం నీకెందుకు?

వంటింటితో మొదలుపెట్టు. ఉగాదికి ఇల్లు కడగమని మన పెద్దోళ్ళు ఊరికే పెట్టలేదు. మన పక్క కొత్త చింతపండు వచ్చేది ఇప్పుడే, మిరపకాయలు ఎండబెట్టేది ఇప్పుడే, ఏడాదికి సరిపడా కందిపప్పు పోసుకునేదీ ఇప్పుడే. ఇంకో రెండు నెలల్లో మామిడికాయ ఊరగాయ. ఇవన్నీ రావాలంటే జాడీలు, డబ్బాలు ఖాళీ కావాల. ఖాళీ జాడీని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక రోజంతా ఎండలో బోర్లించి ఉంచు. అడుగున తడి మిగిలితే ఏడాది చింతపండు బూజు పడుతుంది. పాత చింతపండు నల్లబడిందని పారేయొద్దు. ముందు అరలోకి జరిపి అది అయిపోయేదాకా వాడు, కొత్తది వెనక పెట్టు. పురుగు పట్టిన పప్పు ఎండలో పోసి, జల్లించి, డబ్బాలో ఎండిన వేపాకు వెయ్యి.

ఇంక నీ దగ్గరుండే ఖాళీ హార్లిక్స్ సీసాలు. పోయినసారి వచ్చినప్పుడు ఇరవై మూడు లెక్కబెట్టాను. వాటిలో ఆరింటిలోనే పప్పులు, పోపు సామాన్లు ఉన్నాయి. ఆ ఆరు చాలు. పేర్లు కొట్టించిన స్టీలు బోకులు కూడా అంతే. పెండ్లికి, గృహప్రవేశానికి వచ్చినవి, ఎవరి పేరో చూస్తే వాళ్ళు గుర్తొస్తారు, నిజమే. కానీ ఒకే కొలత గిన్నెలు పదహారు ఎందుకు? నాలుగు ఉంచుకుని మిగిలినవి పని చేసే ఆమె కూతురి కాపురానికి ఇవ్వు. ఇంకొకటి, పాతబట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వస్తే తలుపు తీయొద్దు. ఒక అర ఖాళీ చేసి ఇంకో అర నింపుకున్నట్టవుతుంది. మెత్తబడిన నూలు చీరలు ఉంటే నాకు పంపు, పిల్లలకు బొంతలు కుట్టిస్తాను.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు ఇంకో కష్టం ఉంది, వేరే ఊర్లోవాళ్ళకు అంతగా తెలియదు. స్వామి పటాలు. ఏటా దేవస్థానం క్యాలెండరు, బంధువులు తెచ్చిచ్చిన పటాలు, పెండ్లి పత్రికల మీద బొమ్మలు. చేతులారా పారేయలేం, తలుపు వెనక, బీరువా పైన పేరుకుపోతాయి. చాలామంది పగిలిన పటాలు తీసుకుపోయి రావిచెట్టు మొదట్లో ఆనించి వస్తారు, లేదంటే స్వర్ణముఖిలో పడేస్తారు. అది నాకు తప్పనిపిస్తుంది. ఎండకు, వానకు, కుక్కల కాళ్ళ కిందికి వదిలేసి దండం పెట్టుకుని వస్తే అది భక్తి ఎట్లవుతుంది? అద్దం, చట్టం వేరుచెయ్యి. అద్దం అట్టలో చుట్టి చెత్తబండి మనిషికి చెప్పి ఇవ్వు, చేతులు కోసుకోకుండా. బొమ్మ కాగితాన్ని నానబెట్టి తులసి కోటలో మట్టితో కప్పెయ్. పూజగదిలో నువ్వు రోజూ చూసి మొక్కే పటం ఒక్కటి శుభ్రంగా ఉంటే చాలు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. 2021 నవంబరులో తిరుపతిని వానలు ముంచేసినప్పుడు మా ఇల్లు అక్కడే, లోతట్టు వీధిలో. ఆ రాత్రి నీళ్ళు గడప దాటి మోకాళ్ళ దాకా వచ్చాయి. బీరువా కింది అరలో మా భూమి దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, మీ పెదనాన్న సర్వీసు కాగితాలు. పైన అటక మీద ఏముండేవి తెలుసా? ఖాళీ స్వీటు డబ్బాలు, పాత టీవీ అట్టపెట్టె, ఎప్పుడో పనికొస్తాయని దాచిన ప్లాస్టిక్ కవర్లు. అవి ఒక్క చుక్క తడవలేదు. కాగితాలను మూడు రోజులు ఫ్యాను కింద ఒక్కొక్కటి విడదీసి ఆరబెట్టాను. సిరా సగం కారిపోయింది. నకళ్ళకు మీ పెదనాన్న ఎన్ని నెలలు తిరిగినాడో నీకు తెలుసు. ఇంటి నిండా సామాను ఉన్నందువల్ల వచ్చిన నష్టం కాదది. పనికిరానిది మంచి జాగాలో కూర్చుని, పనికొచ్చేదాన్ని కిందికి తోసేసింది. సర్దడమంటే నాకు అప్పటినుంచి జాగా ఎవరికివ్వాలనే ఆలోచనే.

అన్నమయ్య సంకీర్తనల సంగతి తెలుసు కదా. తాళ్ళపాకవాళ్ళు ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోనే వాటికంటూ కట్టిన రాతి అరలో పెట్టారు. ఆ తర్వాత ఎన్ని తరాలకో, 1922 ప్రాంతంలో, అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు వాటి మీద పనిచేశారు. దాదాపు 2,500 రేకులు. ఈరోజు నీ కూతురు సంగీతం క్లాసులో పాడే పాట అట్లా మిగిలిందే. ఆ రేకులకు ఒక చోటు ఇచ్చారు కాబట్టి మిగిలాయి. మిగిలిన జాగాలో కుక్కి ఉంటే ఏమయ్యేవో.

మన కాగితాలకు రాతి అర అక్కర్లేదు, పై అరలో ఒక గుడ్డసంచి చాలు. దస్తావేజులు, పాసు పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఇన్సూరెన్సు బాండ్లు. అసలు కాగితాలకు లామినేషన్ చేయించొద్దు, తర్వాత విడదీయలేం. లోపల ఏమేమి ఉన్నాయో ఒక కాగితం మీద రాసి సంచిలోనే పెట్టు, అల్లుడికీ పెద్దపాపకూ చూపించు.

పట్టుచీరలు ఏడాదికొకసారైనా విప్పు. నీడలో, గాలి తగిలేచోట ఆరేసి, పాత మడత మీద కాకుండా వేరే మడత వెయ్యి, లేదంటే మడత దగ్గరే జరీ విరిగిపోతుంది. నూలుగుడ్డలో చుట్టు. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. మీ అత్తమ్మ ట్రంకు పెట్టె. "దాంట్లో అంతా చింపిరి గుడ్డలే పెద్దమ్మా" అన్నావు. ఉండొచ్చు. కానీ ఆ ఇంట్లో ఆమెకంటూ మిగిలిన జాగా ఆ పెట్టె ఒక్కటే. నీ అరలన్నీ అయినాక, ఆమె పక్కన నేల మీద కూర్చో. పెట్టె ఆమెనే తెరవనీ. ఒక్కొక్క గుడ్డ తీసి అదెక్కడిదో చెప్తుంది, విను. ఆమె తిరిగి పెట్టమన్నదంతా తిరిగి పెట్టు, నీకు పనికిరానిదిగా కనిపించినా సరే. పిల్లల బొమ్మలు కూడా అంతే, వాళ్ళు బడికి పోయినప్పుడు మాయం చేయొద్దు. దుప్పటి పరిచి వాళ్ళనే ఏరుకోమను.

మార్చి 15వ తేదీ ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. పుంగనూరు పక్కనుంచి మీ పెదనాన్న కొత్త చింతపండు తెప్పించినారు, నీకు పది కిలోలు తీసిపెట్టాను. గింజ తీయలేదు, ఇద్దరం కూర్చుని తీసుకుందాం, మీ అత్తమ్మ కూడా చెయ్యి కలుపుతుంది. పెద్ద జాడీ రెండు రోజుల ముందే కడిగి ఎండబెట్టి ఉంచు.

ఇట్లు,
నీ పెద్దమ్మ