గజ్జ సంచి తెరిచాక

మా ఎర్రుపాలెం చుట్టుపక్కల గజ్జల్లో ఉబ్బు ఉందని మగవాళ్లు తొందరగా బయటికి చెప్పరు. దగ్గినా, మిర్చి టిక్కీ ఎత్తినా బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. పైన పంచె ఉండగా ఎవరికి కనిపిస్తుంది! అలా ఏళ్లు లాగించేస్తారు. చివరికి ఆపరేషన్ అన్నాక "చిన్నదేలే" అంటారు. చాలాసార్లు నిజమే. నిజం కానప్పుడు ఏమవుతుందో రాద్దామని ఈ వ్యాసం.

పొత్తికడుపు గోడలో, గజ్జ దగ్గర, సుమారు 4 సెంటీమీటర్ల పొడవున్న ఒక సొరంగం ఉంటుంది. మగబిడ్డ పుట్టకముందు వృషణాలు కడుపులోంచి కిందికి దిగే దారి అది. ఆ దారి సరిగ్గా మూసుకోకపోయినా, దాని వెనక గోడ బలహీనపడినా, కడుపులోని పొర సంచిలా బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా. ప్రెషర్ వెసెల్‌లో బలహీనమైన చోటు ఉబ్బినట్టు అనుకోండి. సంచిలో మామూలుగా కొవ్వో, పేగు మడతో ఉంటుంది. డాక్టర్లు చాలా కేసుల్ని చేత్తో చూసే తేల్చేస్తారు కాబట్టి, లోపల అసలేముందో తెరిచాకే తెలుస్తుంది.

1735లో లండన్ సెయింట్ జార్జ్ హాస్పిటల్‌లో క్లాడియస్ అమియాండ్ అనే సర్జన్ 11 ఏళ్ల పిల్లాడి హెర్నియా తెరిచాడు. సంచిలో అపెండిక్స్ ఉంది! పిల్లాడు మింగిన గుండుసూది దానికి చిల్లు పెట్టింది. అప్పటికి మత్తుమందు లేదు, ఈథర్ రావడానికి ఇంకా వందేళ్లకు పైనే ఉంది. ఆ స్థితిలో అపెండిక్స్ తీశాడు, పిల్లాడు బతికాడు. రికార్డుల్లో ఉన్న మొదటి విజయవంతమైన అపెండిక్స్ ఆపరేషన్ అదే. గజ్జ హెర్నియాలో అపెండిక్స్ దొరికితే ఇప్పటికీ ఆయన పేరే పెడతారు. అపెండిక్స్ కుడివైపు ఉంటుంది కనుక ఇది ఎక్కువగా కుడి గజ్జలోనే కనిపిస్తుంది.

ఇప్పటి సర్జన్‌కి అసలు చిక్కు మెష్‌తో. దోమతెర ముక్కలాంటి ఆ పాలీప్రొపిలీన్ జాలీని బలహీనమైన గోడ మీద పరిచి కుట్టేస్తే హెర్నియా మళ్లీ రావడం బాగా తగ్గుతుంది. కానీ అపెండిక్స్ చీము పట్టి ఉంటే, ఆ క్రిములు జాలీని పట్టుకుని వదలవు. అందుకే అలాంటప్పుడు సాధారణంగా అపెండిక్స్ తీసేసి, జాలీ లేకుండా కండరాన్నే దగ్గరికి లాగి కుడతారు. అపెండిక్స్ బాగుంటే ఎక్కువమంది దాన్ని లోపలికి నెట్టి జాలీ వేసేస్తారు.

మా పెదనాన్నకి సరిగ్గా ఇదే జరిగింది. మధ్యలో డాక్టర్ బయటికొచ్చి, ట్రేలో వాచిన అపెండిక్స్ చూపించి, "జాలీ వెయ్యటం లేదు" అన్నారు. "గజ్జకని తీసుకొస్తే ఇదెక్కడిదండీ? జాలీ కొనిపించారు కదా?" అని మా పెద్దమ్మ. మా అన్నయ్యకి బిల్లు మీద అనుమానం. నాకైతే ఆ ట్రే చూపించడమే నచ్చింది. హెర్నియా మళ్లీ వచ్చే అవకాశం కాస్త ఎక్కువని కూడా అప్పుడే చెప్పారు. పెదనాన్న ఇప్పుడు టిక్కీల జోలికి పోవట్లేదు, కాటా దగ్గర లెక్క రాస్తున్నాడు. ఆ పని ఆయనకి అస్సలు ఇష్టం లేదు.

అపెండిక్స్ ఒక్కటే కాదు. కొందరిలో మూత్రాశయం జారి సంచి గోడలో భాగమైపోతుంది. కొవ్వనుకుని కత్తి పెడితే మూత్రసంచి తెగుతుంది. ఆడపిల్లల హెర్నియాలో అండాశయం ఉండొచ్చు. చాలా అరుదుగా మగవాడి సంచిలో గర్భసంచి! పిండం తొలి వారాల్లో అందరిలోనూ రెండు రకాల నాళాలుంటాయి. మగపిండంలో వృషణాలు తయారుచేసే ఒక హార్మోన్ ఆడ నాళాల్ని కరిగించేస్తుంది. అది పనిచేయకపోతే అవి మిగిలిపోతాయి. మనిషి మగవాడే. నిద్రలో ఉన్నవాణ్ని అడగలేం కాబట్టి, అత్యవసరం కాకపోతే, లేచాక మాట్లాడి ముందుకెళ్లడమే న్యాయమని నా అభిప్రాయం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే, సంతకానికి ముందే "లోపల వేరేది దొరికితే ఏం చేస్తారు, మాలో ఎవరికి చెబుతారు?" అని అడగండి. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం పొద్దున ఖమ్మం రైలు కోసం ఆగొద్దు, రాత్రే బండి మాట్లాడండి.