చించిన లేఖ

ఆసియా ఖండమునకు తూర్పు కొసన, చైనా జపానుల నడుమ, కొరియా ద్వీపకల్పము కలదు. 1392వ సంవత్సరమున యీ సొంగ్గే అను సేనాపతి అచట జోసొన్ రాజవంశమును స్థాపించెను. ఆ వంశమువారు 500 ఏండ్లకు పైగా ఆ దేశమును పాలించిరి.

పొరుగున నున్న చైనా మహాసామ్రాజ్యము. దానితో పోరుట చిన్నరాజ్యమునకు తగదని యెంచి, జోసొన్ రాజులు మింగు వంశపు చక్రవర్తులను తమకు పెద్దలుగా అంగీకరించిరి. వారి రాయబారులు జిన్సెంగు అను ఓషధీమూలమును, గుఱ్ఱములను, కాగితమును కప్పముగా కొనిపోయెడివారు. పట్టువస్త్రములను, గ్రంథములను బహుమానముగా తెచ్చెడివారు. క్రొత్త రాజు సింహాసన మెక్కినపుడు చక్రవర్తి ఆమోదపత్రము నంపుట ఆచారము. అయినను పన్నులు విధించుట, న్యాయము తీర్చుట మొదలగు స్వదేశపాలన యంతయు కొరియా రాజు చేతిలోనే యుండెను.

1592లో జపాను నేలిక హిదెయోషి కొరియాపై దండెత్తెను. అప్పుడు మింగు చక్రవర్తి సేనలను పంపి తోడ్పడెను. 1598లో జపానుసేనలు వెనుదిరిగిపోయెను. ఆ మేలును కొరియావారు మరువలేదు.

ఇంతలో ఉత్తరమున మంచూజాతివారు బలపడిరి. 1636లో వారి ప్రభువు హోంగ్ తైజీ తన రాజ్యమునకు చింగు అని పేరిడి, తానే చక్రవర్తినని చాటుకొనెను. జోసొన్ రాజు ఇంజో దాని నంగీకరింపలేదు. ఆ శీతకాలముననే మంచూసేనలు రాజధానిపైకి వచ్చెను. రాజు సమీపమున కొండపై నున్న నమ్‌హన్ దుర్గమున తలదాచుకొనెను. కోటలో సుమారు 13 వేల సైనికులు మాత్రమే యుండిరి. వెలుపల శత్రువు, లోపల చలి, ఆకలి.

ఏమి చేయవలెను? మంత్రులలో రెండు పక్షము లేర్పడెను. మేలు చేసినవారిని విడిచి శత్రువునకు తలవంచుట కంటె మరణమే మేలని కిం సాంగ్‌హోన్ వాదించెను. రాజ్యమును, ప్రజలును మిగిలినగదా ధర్మము నిలుచునని చ్వే మ్యోంగిల్ పలికెను. చ్వే సంధిలేఖను వ్రాయగా, కిం దానిని చూచి కన్నీటితో ముక్కలుగా చించివేసెను. చ్వే కోపింపలేదు. క్రిందికి వంగి ఆ ముక్కలను ఏరి అతికించెను. ఇట్టి లేఖను చించువాడును, దానిని కూర్చువాడును, ఇరువురును దేశమునకు కావలయునని ఆయన భావము.

ఇంతలో రాజకుటుంబము దాగియున్న కాంగ్‌హ్వా ద్వీపము శత్రువుల వశమయ్యెను. 47 దినముల ముట్టడి పిమ్మట, 1637 ఫిబ్రవరి 24వ తేదీన రాజు కోట వెడలి, హోంగ్ తైజీ యెదుట మూడుమారులు మోకరిల్లి, తొమ్మిదిమారులు నేలకు తల మోపి లొంగిపోయెను. ఇరువురు రాకుమారులును, వేలకొలది ప్రజలును బందీలై షెన్యాంగు నగరమునకు పోయిరి. అయినను రాజవంశము నిలిచెను. దేశము మంచూరాజ్యమున కలిసిపోలేదు.

అటుపిమ్మట కొన్ని యేండ్లకు ఒక వింత జరిగెను. మంచూలకు లొంగనివాడని కిం బందీగా షెన్యాంగు చేరెను. మింగు వారితో రహస్యముగా ఉత్తరములు నడపెనని చ్వే కూడ ఆ చెరకే వచ్చెను! సంధి కోరినవాడును మింగు వారి మేలును మరువలేదని కిం గ్రహించెను. ఎదిరించినవాడు కీర్తికొరకు ఎదిరింపలేదని చ్వే తెలిసికొనెను. చెరలోనే వారు పద్యములు వ్రాసికొని, చిరకాలవైరమును విడిచిరి.

1644లో మింగు వారి రాజధాని పతనమయ్యెను. కొరియా చింగు చక్రవర్తులకు కప్పము కట్టుట 19వ శతాబ్దము చివర వరకు సాగెను. 1895లో చైనా జపానుల సంధితో ఆ సంబంధము తీరిపోయెను. రాజు లొంగిన చోట మంచూలు నిలిపించిన శిలాశాసనము నేటికిని సియోలు నగరమున నున్నది. అది గెలిచినవాని ప్రతాపమును చెప్పును. కాని కొరియావారు తలచుకొనునది ఆ యిద్దరు మంత్రులను. వారి త్రోవలు వేఱు, దేశభక్తి యొక్కటే.