కవర్‌స్లిప్ యంత్రం కొనే ముందు

చి. బిడ్డకు,

హిస్టాలజీ ల్యాబులో స్లైడు తయారీకి ఆఖరి మెట్టు కవర్‌స్లిప్ వేయడం. రంగులు పట్టించి, ఆల్కహాల్‌లో నీరంతా పోగొట్టి, జైలీన్‌లో తేటపరచిన కణజాలం మీద డీపీఎక్స్ అనే జిగురు చుక్క వేసి పలుచని గాజు పలకను దించుతారు. పని చిన్నదే. అయినా ఒక బుడగ చిక్కితే, పలక పక్కకు జరిగితే, చూడవలసిన చోటే పాథాలజిస్టుకు కనబడకుండా పోతుంది. జైలీన్ నుంచి తీసిన స్లైడు పలక వేయకముందే ఆరిపోతే కణాల మీద గోధుమరంగు మరకలు తేలుతాయి. డీపీఎక్స్‌ను 1939లో కిర్క్‌పాట్రిక్, లెండ్రమ్ పరిచయం చేశారు. అంతకుముందు వాడిన కెనడా బాల్సమ్ ఏళ్లు గడిస్తే పసుపెక్కేది. ఆరిన డీపీఎక్స్ వక్రీభవన గుణకం 1.52 దరిదాపుల్లో, అంటే గాజుతో సమానంగా ఉంటుంది. స్లైడు తేటగా కనిపించేది అందుకే.

ఈ పని చేసే యంత్రం అవసరమా కాదా అన్నది కంపెనీ కాగితం తేల్చేది కాదు, ల్యాబు రిజిస్టరు తేల్చాలి. చేయి తిరిగిన టెక్నీషియన్‌కు ఒక స్లైడుకు అరనిమిషం చాలు. రోజుకు అరవై స్లైడులున్న చోట అది అరగంట పని. యంత్రం దాన్ని పది నిమిషాల్లో ముగిస్తుంది గానీ, పొద్దున సిద్ధం చేయడానికి, సాయంత్రం కడగడానికి మిగిలిన సమయం దానికే పోతుంది. గంటకు అయిదు వందల పైచిలుకు స్లైడులని ఘనంగా అచ్చువేసే వేగం హైదరాబాద్‌లోని పెద్ద ఆస్పత్రుల లెక్క. మన మంచిర్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరులో 100 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. అలాంటి కళాశాలలో బయాప్సీలకు తోడు ప్రాక్టికల్స్ కోసం ఒకే కణజాలానివి డజన్ల కొద్దీ స్లైడులు ఒక్కసారిగా చేయవలసి వస్తుంది. కాబట్టి ఏడాది సగటు ఒక్కటే చాలదు. రద్దీ రోజుల లెక్క కూడా విడిగా తీయాలి. రోజూ వంద దాటని చోట యంత్రం కన్నా జైలీన్ ఆవిరిని లాగే మంచి ఫ్యూమ్ హుడ్‌కు డబ్బు పెట్టడమే మేలు.

యంత్రాలు రెండు రకాలు. ఒకటి గాజు పలక వేసేది, రెండోది ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించేది. ఫిల్మ్‌కు ముందే పట్టించిన రెసిన్ జైలీన్ తగిలితే మెత్తబడి స్లైడుకు పట్టుకుంటుంది. తొందరగా ఆరుతుంది, పగిలే బెడద లేదు, జిగురు వదిలే ముక్కులో (నాజిల్‌లో) డీపీఎక్స్ గడ్డకట్టే తలనొప్పి అసలే లేదు. మళ్లీ రంగు వేయాలంటే అసిటోన్‌లో నిమిషాల్లో ఊడివస్తుంది. గాజు పలక జైలీన్‌లో ఒక్కోసారి రోజుల తరబడి నానాలి. అయితే ఫిల్మ్ మీద గీతలు పడతాయి, జైలీన్ తక్కువైతే కొన్నేళ్లకు అంచులు లేస్తాయి, ఫిల్మ్ రోలును చాలావరకు ఆ కంపెనీ దగ్గరే కొనాలి. స్లైడును ఏళ్ల తరబడి దాచాలన్నా, రెండో అభిప్రాయం కోసం పై ఆస్పత్రికి పంపాలన్నా గాజుదే పైచేయి. బోధనాసుపత్రికి గాజే తగినది.

గాజు పలక మందం మీద కూడా కన్నేయాలి. మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్ మీద 0.17 అని రాసి ఉండేది మిల్లీమీటర్లలో ఈ మందమే. పలక కింద డీపీఎక్స్ పొర కూడా చేరుతుంది కనుక, 0.13 నుంచి 0.16 మి.మీ. ఉండే ఒకటో నంబరు పలకలే హిస్టాలజీకి నప్పుతాయి. యంత్రం వాటిని పగలకుండా ఎత్తగలగాలి.

ఆ తరువాతిది ఊరి వాతావరణం. మంచిర్యాల ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. నిప్పురవ్వ తగిలితే జైలీన్ ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత 25–30 డిగ్రీల మధ్యే ఉంటుంది. అంటే ఏసీ ఆగిన గదిలో అది ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే. ఎండకు డీపీఎక్స్‌లోని జైలీన్ ఎగిరిపోయి జిగురు చిక్కబడుతుంది, ముక్కు మూసుకుంటుంది. రాత్రిపూట ముక్కును జైలీన్‌లో ముంచి ఉంచే ఏర్పాటు యంత్రంలో ఉందో లేదో చూడాలి. వానాకాలంలో గోదావరి ఒడ్డు తేమకు గాజు పలకలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు కలిసి వస్తే గుర్తించి ఆగే సెన్సార్ ఉండాలి. బొగ్గు ప్రాంతపు దుమ్ము మరో తంటా, మూత లేని యంత్రాన్ని కిటికీ పక్కన పెట్టరాదు.

డెమో అడిగేటప్పుడు కంపెనీ తెచ్చిన స్లైడులతో తృప్తిపడకూడదు. ల్యాబులో వాడే డీపీఎక్స్, ల్యాబు కొనే పలకలు, ల్యాబు సొంత స్లైడులే పెట్టించాలి. సన్నని సెక్షన్లతో పాటు మందపాటి సైటాలజీ స్మియర్లు, స్లైడు నిండా పరుచుకున్న గర్భసంచి సెక్షన్ కూడా అందులో ఉండాలి. మర్నాడు ఆరాక ఒక్కొక్కటీ మైక్రోస్కోపు కింద పెట్టి బుడగలు, అంచు దాటి కారిన జిగురు, పగిలిన పలకలు లెక్కించాలి. అదే రోజు చేతితో వేసిన స్లైడులను పక్కన పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. రంగులు వేసే యంత్రం (స్టెయినర్) బుట్ట నేరుగా ఇందులో కూర్చుంటుందా అన్నదీ అక్కడే తేలాలి. లేకపోతే తడి స్లైడులు బుట్ట మార్చేలోపు ఆరిపోతాయి, యంత్రం ఎందుకు కొన్నట్టు?

ధర ఒక్కటి చూసి ఒప్పుకుంటే చిక్కే. అయిదేళ్లకు పలకలు, జిగురు, ఫిల్టర్లు, సమగ్ర నిర్వహణ ఒప్పందం (సీఎంసీ) అన్నీ కలిపి రాసుకోవాలి. హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇంజనీరు రావాలి గనుక, ఫిర్యాదు తరువాత ఎన్ని గంటల్లో వస్తాడో, దాటితే జరిమానా ఎంతో టెండరు షరతుల్లోనే ఉండాలి. కరెంటు పోయినప్పుడు బుట్టలో ఉన్న స్లైడులు ఆరకుండా యూపీఎస్ తప్పనిసరి. ఆవిరిని కార్బన్ ఫిల్టరుతో శుద్ధిచేసి గదిలోకే వదిలే యంత్రమైతే ఫిల్టరు మార్చే తేదీ దాని మీదే రాసిపెట్టాలి. గొట్టంతో బయటికి పంపే ఏర్పాటు అంతకంటే నమ్మదగినది. గది గాలిలో జైలీన్ ఆవిరి 8 గంటల పనిలో సగటున 100 పీపీఎం దాటకూడదన్నది పాత పరిమితి, ఇప్పుడు ఇంకా తక్కువే మంచిదంటున్నారు.

యంత్రం వచ్చాక కూడా చేతితో వేసే సామాను బల్ల మీదే ఉండాలి. కొత్తగా చేరిన టెక్నీషియన్ ముందు చేతితో నేర్చుకున్నాకే యంత్రం ముట్టాలి. చెడిపోయిన రోజు రిపోర్టులు ఆగకుండా చూసేది ఆ చేయే.

ఆశీస్సులతో,
పెద్దబాపు