తెర వెనుక దొడ్డిదారి

పాఠ్యభాగ ఉద్దేశం

సౌకర్యం కోసం స్వీకరించిన సాధనమే ఒక్కొక్కప్పుడు ప్రమాదానికి ద్వారమవుతుంది. అంతర్జాలంలో వీడియోలు చూడటానికి ఒకప్పుడు తప్పనిసరి అయిన ప్లగ్-ఇన్‌ల చరిత్ర ఇందుకు నిదర్శనం. ఒక సాధనం మనకు ఏమిస్తుంది అన్న ప్రశ్నతోపాటు, దానికి మనం ఏ అధికారాలు ఇస్తున్నాం అన్న ప్రశ్నను కూడా వేసుకొనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అన్నది లోకోక్తి. గోడ దూకి వచ్చే దొంగను తాళం ఆపగలదు, కుక్క మొరిగి పట్టివ్వగలదు. కాని ఇంటివాళ్ళే పిలిచి లోపల చోటిచ్చినవాడిని ఏ తాళమూ ఆపలేదు. కంప్యూటర్ల లోకంలో ఈ లోకోక్తికి దాదాపు రెండు దశాబ్దాలపాటు ఉదాహరణగా నిలిచినవి బ్రౌజర్ ప్లగ్-ఇన్‌లు.

వరల్డ్ వైడ్ వెబ్ తొలినాళ్ళలో బ్రౌజర్ అక్షరాలను, నిశ్చల చిత్రాలను మాత్రమే చూపగలిగేది. కదిలే బొమ్మలు, మాటలు, పాటలు దానికి తెలియవు. 1990ల మధ్యకాలంలో నెట్‌స్కేప్ సంస్థ తన నావిగేటర్ బ్రౌజర్‌లో ఒక కొత్త ఏర్పాటు చేసింది. తనకు తెలియని రకం సమాచారం ఎదురైనప్పుడు బ్రౌజర్ దానిని మరొక సంస్థ తయారుచేసిన చిన్న సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తుంది. ఆ సాఫ్ట్‌వేరే ప్లగ్-ఇన్. అది పేజీలో తనకు కేటాయించిన చోట బొమ్మ చూపుతుంది, ధ్వని వినిపిస్తుంది. రియల్‌ప్లేయర్, క్విక్‌టైమ్, ఫ్లాష్, ఆ తరువాత 2007లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి సిల్వర్‌లైట్ ఈ కోవకు చెందినవే.

వీటిలో ఫ్లాష్ చరిత్ర ప్రత్యేకమైనది. ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న సంస్థ బొమ్మలకు కదలిక కల్పించడానికి రూపొందించిన సాధనాన్ని మాక్రోమీడియా సంస్థ 1996లో కొని, దానికి ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2002లో వెలువడిన ఆరవ వెర్షన్‌తో ఫ్లాష్ ప్లేయర్‌కు వీడియో చూపే శక్తి వచ్చింది. 2005లో ప్రారంభమైన యూట్యూబ్ ఆ శక్తిని ఆధారం చేసుకొనే ప్రపంచమంతటా విస్తరించింది. అదే ఏడాది చివర మాక్రోమీడియాను అడోబ్ సంస్థ కొనుగోలు చేసింది. వీడియో మొత్తం దిగుమతి అయ్యేదాకా వేచి ఉండనక్కరలేకుండా, వస్తున్నకొద్దీ చూడగలగడమే స్ట్రీమింగ్. ఆ సౌకర్యాన్ని సామాన్యుని ఇంటికి చేర్చిన ఘనతలో ఫ్లాష్‌కు పెద్ద వాటా ఉన్నదనడంలో అతిశయోక్తి లేదు.

అయితే ప్లగ్-ఇన్‌కు ఆ ఇంట్లో ఉన్న హోదా ఏమిటి? తొలినాటి ఏర్పాటులో బ్రౌజర్‌కు ఉన్న అధికారాలన్నీ ప్లగ్-ఇన్‌కూ ఉండేవి. కంప్యూటర్ యజమాని ఏ ఫైళ్ళను తెరవగలడో, వేటిని చెరపగలడో, ఆ పనులన్నీ అదీ చేయగలిగేది. పేజీలో ఒక చిన్న చతురస్రంలో బొమ్మ చూపవలసిన పనివాడికి ఇంటి తాళపుచెవుల గుత్తి మొత్తం అప్పగించినట్లయింది.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. వీడియో ఫైలు అంటే అంకెల పొడవైన వరుస. ప్లగ్-ఇన్ ఆ అంకెలను చదివి, వాటిని కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో తగిన చోట్ల అమర్చి, బొమ్మగా మారుస్తుంది. ఫైలులో చెప్పిన పరిమాణం ఒకటి, నిజంగా ఉన్నది మరొకటి అయినప్పుడు, ప్లగ్-ఇన్ దానిని సరిచూసుకోకపోతే, అంకెలు కేటాయించిన చోటు దాటి పక్కకు పొర్లుతాయి. పొర్లిన చోట కంప్యూటర్ పాటించవలసిన ఆదేశాలకు సంబంధించిన సమాచారం ఉంటే, దుర్మార్గుడు కావాలని అమర్చిన అంకెలే ఆదేశాలుగా మారే అవకాశం కలుగుతుంది. చూసేవారికి తెర మీద ఏమీ కనబడకపోవచ్చు. తెర వెనుక మాత్రం ఎవరో కంప్యూటర్‌లో ప్రవేశించి ఉంటారు. ఇటువంటి లొసుగు తయారీదారు సవరణ వెలువరించకముందే దుండగులకు తెలిసిపోతే, దానిని 'జీరో డే' అంటారు. రక్షణకు ఒక్క రోజైనా గడువు లేనిదని దాని భావం.

లొసుగు లేని సాఫ్ట్‌వేర్ అరుదు. కాని ఫ్లాష్‌లోని లొసుగుకు విలువ ఎక్కువ. ఒకే ప్లగ్-ఇన్ కోట్లాది కంప్యూటర్లలో, పలు బ్రౌజర్లలో ఉండటం వల్ల, ఒక్క తాళానికి మారుచెవి చేసినవాడికి కోట్లాది ఇళ్ళు తెరుచుకొనేవి. పైగా ఎన్నో వాణిజ్య ప్రకటనలు ఫ్లాష్‌లోనే తయారయ్యేవి. పేరున్న పత్రికల పేజీలలో సైతం దుష్ట ప్రకటనలు చోటు సంపాదించిన సందర్భాలున్నాయి. అనుమానాస్పదమైన చోటుకు వెళ్ళనివారు కూడా ఆ విధంగా అపాయంలో పడేవారు.

వీడియో చూడనివారికి సైతం ఈ ప్లగ్-ఇన్ ముప్పు తెచ్చింది. 2011 మార్చిలో అమెరికాలోని ఆర్.ఎస్.ఎ. అనే సంస్థపై జరిగిన దాడి ఇందుకు తార్కాణం. అది సాధారణ సంస్థ కాదు. కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కంప్యూటర్ల రక్షణకు వాడే సెక్యూర్‌ఐడి అనే పరికరాలను తయారుచేసే సంస్థ. ఆ సంవత్సరపు ఉద్యోగ నియామకాల ప్రణాళిక అన్న పేరుతో ఒక ఎక్సెల్ ఫైలు కొద్దిమంది ఉద్యోగులకు ఇ-మెయిల్ ద్వారా వచ్చింది. ఒక ఉద్యోగి దానిని తెరిచారు. ఆ పట్టికలో దాచిన ఫ్లాష్ అంశం జీరో డే లొసుగును ఉపయోగించుకొని దాడిచేసేవారికి దారి తీసింది. వారు సెక్యూర్‌ఐడికి సంబంధించిన సమాచారాన్ని తస్కరించారు. తాళాలు చేసే ఇంట్లోనే దొంగతనం జరిగింది. ఆ ఉద్యోగి చూసింది సినిమా కాదు, ఒక లెక్కల పట్టిక. వీడియోల కోసం పెట్టుకొన్న ద్వారం మరెన్నో దారులతో కలిసి ఉన్నదన్న సత్యం ఆనాడు వెల్లడయింది.

2015 జూలైలో మరొక సంఘటన జరిగింది. ప్రభుత్వాలకు నిఘా సాఫ్ట్‌వేర్ అమ్మే హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ సంస్థ తానే చోరీకి గురయింది. దాదాపు 400 గిగాబైట్ల సమాచారం బయటపడింది. తయారీదారైన అడోబ్‌కు సైతం తెలియని ఫ్లాష్ లొసుగులు అందులో ఉన్నాయి. అడోబ్ సవరణలు అందించేలోపే నేరగాళ్ళు వాటిని తమ దాడి సాధనాలలో చేర్చుకొన్నారు. మొజిల్లా సంస్థ తన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో లొసుగులున్న ఫ్లాష్ వెర్షన్లను తాత్కాలికంగా నిలిపివేసింది. అప్పట్లో ఫేస్‌బుక్ భద్రతాధికారిగా ఉన్న అలెక్స్ స్టామోస్, ఫ్లాష్‌కు ముగింపు తేదీని ప్రకటించవలసిందిగా అడోబ్‌ను బహిరంగంగా కోరారు.

ఇంత అపాయం తెలిసినా ఫ్లాష్‌ను వెంటనే ఎందుకు తొలగించలేదన్న సందేహం కలగడం సహజం. యాపిల్ సంస్థ 2007లో విడుదల చేసిన ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటివ్వలేదు. భద్రతాలోపాలు అందుకొక కారణమని స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో ఒక బహిరంగ లేఖలో పేర్కొన్నారు. కాని అప్పటికే పాఠాలు, ఆటలు, కార్యాలయాల దరఖాస్తులు ఫ్లాష్ మీద ఆధారపడి ఉన్నాయి. సాధనాన్ని తీసివేస్తే వాటి గతి ఏమిటి? ముందు ప్రత్యామ్నాయం కావాలి. బ్రౌజర్ తనంతట తానే వీడియో చూపే పద్ధతిని చేర్చిన హెచ్.టి.ఎం.ఎల్.5 ప్రమాణానికి 2014 అక్టోబరులో తుదిరూపం వచ్చింది. 2015 జనవరిలో యూట్యూబ్ ఆ పద్ధతినే తన ప్రధాన విధానంగా స్వీకరించింది. ఫ్లాష్‌కు 2020 చివర మద్దతు నిలిపివేస్తామని 2017 జూలైలో అడోబ్ ప్రకటించింది. అన్నట్టుగానే 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ప్రదర్శనలను నిరాకరించసాగింది. పన్ను పత్రాలు కొన్ని ఇంకా ఫ్లాష్‌లోనే ఉన్నందువల్ల, దక్షిణాఫ్రికా పన్నుల శాఖ వాటి కోసం ఆ నెలలోనే ఒక ప్రత్యేక బ్రౌజర్‌ను విడుదల చేయవలసివచ్చింది. అలవాటును వదులుకోవడం ఎంత కష్టమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అంతటితో సమస్య పూర్తిగా తీరిందా? సినిమాల యజమానులు తమ చిత్రాలను ఎవరూ నకలు చేయకుండా తాళం కోరారు. నెట్‌ఫ్లిక్స్ ఒకప్పుడు సిల్వర్‌లైట్‌ను వాడింది ఈ కారణం చేతనే. ఆ తాళాన్ని విప్పే చిన్న సాఫ్ట్‌వేర్‌తో బ్రౌజర్ మాట్లాడే పద్ధతిని 2017 సెప్టెంబరులో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. లోపల ఏముందో బయటివారు పరిశీలించలేని ఆ సాఫ్ట్‌వేర్‌ను, అందులోని లొసుగులు వెతికే పరిశోధకులకు తగిన చట్టరక్షణ లేకపోవడాన్ని నిరసిస్తూ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ సంస్థ నుంచి వైదొలగింది. తాళం కావాలన్న వాదమూ, తాళంలో ఏముందో తెలియాలన్న వాదమూ రెండూ విస్మరింపరానివే. అయితే ఈసారి బ్రౌజర్ల తయారీదారులు పాత అనుభవాన్ని మరువలేదు. ఉదాహరణకు ఫైర్‌ఫాక్స్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ను 'శాండ్‌బాక్స్' అనే కట్టుదిట్టమైన గదిలో ఉంచుతారు. ఫైళ్ళ జోలికి పోకుండా దానిని కట్టడి చేస్తారు. అతిథికి సావడిలో చోటిచ్చారే గాని తాళపుచెవులు ఇవ్వలేదన్నమాట.

ప్లగ్-ఇన్‌ల కాలం గతించినా, అవి నేర్పిన ఒక దురలవాటు మాత్రం మిగిలిపోయింది. 'ఈ వీడియో చూడాలంటే దీనిని ఇన్‌స్టాల్ చేయండి' అన్న సూచన కనబడగానే ఆలోచించకుండా అంగీకరించడమే ఆ అలవాటు. 2017 అక్టోబరులో రష్యా, ఉక్రెయిన్ దేశాలలో వ్యాపించిన 'బ్యాడ్ ర్యాబిట్' అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ ప్లేయర్ వేషంలోనే వచ్చింది. కంప్యూటర్లలోని సమాచారానికి తాళం వేసి, విడుదలకు సొమ్ము అడిగింది. ఆ దాడికి ఫ్లాష్‌లోని లొసుగు అవసరం కాలేదు. మనుషుల నమ్మకమే చాలింది.

నేటి ప్రధాన బ్రౌజర్లకు వీడియో చూపడానికి ఎటువంటి ప్లగ్-ఇన్ అవసరం లేదు. కనుక అటువంటి కోరిక ఎదురైతే ఆ పేజీని విడిచిపెట్టడమే వివేకం. బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు దాని సొంత ఏర్పాటు ద్వారానే నవీకరించుకోవాలి. భారత ప్రభుత్వ ఆధ్వర్యంలో 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ సంస్థ వెలువరించే హెచ్చరికలను గమనించాలి. కొత్త యాప్‌ను గాని, బ్రౌజర్‌కు జోడించే ఎక్స్‌టెన్షన్‌ను గాని స్వీకరించేటప్పుడు అది కోరే అనుమతులను చదవాలి. ఇంటికి వచ్చినవారిని ఆదరించడం మన సంప్రదాయం. వారికి ఏ గది వరకు ప్రవేశం ఇవ్వాలో నిర్ణయించుకోవడం మన బాధ్యత.

కఠిన పదాలు – అర్థాలు

దొడ్డిదారి = పెరటి తోవ; చాటుమాటు మార్గం
నిశ్చలం = కదలనిది
కోవ = వరుస, తరగతి
లొసుగు = లోపం
తార్కాణం = నిదర్శనం
తస్కరించు = దొంగిలించు
సావడి = వచ్చినవారు కూర్చొనే చోటు
నవీకరించు = కొత్తదిగా చేయు

సంధులు

లోకోక్తి = లోక + ఉక్తి – గుణసంధి
కార్యాలయం = కార్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
అంతర్జాలం = అంతః + జాలం – విసర్గ సంధి

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వీడియోల కోసం వచ్చిన ప్లగ్-ఇన్‌లు ప్రమాద ద్వారాలుగా ఎట్లా మారాయో పాఠం ఆధారంగా వివరించండి.
2. ఫ్లాష్‌ను వెంటనే తొలగించలేకపోవడానికి గల కారణాలను చర్చించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ఆర్.ఎస్.ఎ. సంస్థపై జరిగిన దాడిని తెలపండి.
2. 'జీరో డే' అంటే ఏమిటి?
3. 'శాండ్‌బాక్స్' వల్ల ప్రయోజనం ఏమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఫ్లాష్‌కు అడోబ్ మద్దతు ఎప్పుడు ముగిసింది?
2. 'బ్యాడ్ ర్యాబిట్' ఏ వేషంలో వచ్చింది?