చవక స్పానరా? మంచి స్పానరా? ఏది లాభం?



పోయిన వేసవి సెలవుల్లో మా తాండా బోరింగులో వాషర్లు అరిగి నీళ్లు తగ్గిపోయాయి. పైభాగం విప్పాలని మా మామ సంతలో కొన్న స్పానర్ల సెట్టు తెచ్చాడు. 12 స్పానర్లు, తళతళా మెరుస్తున్నాయి. తుప్పు పట్టిన బోల్టుకు 19 నంబరు పెట్టి గట్టిగా లాగితే స్పానరు నోరు విచ్చుకుంది. బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇక ఏ స్పానరూ దాన్ని పట్టలేదు. మెకానిక్ అన్న వచ్చి ఉలితో కొట్టి తీసేదాకా రెండు రోజులు మా అమ్మావాళ్లు పొలం బావి నుండి నీళ్లు మోశారు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మామకే చేతకాలేదేమో అనుకున్నాను. అన్న ఆ స్పానరు తిప్పి చూసి, "తప్పు మీ మామది కాదప్పా, ఈ ఇనుముది. కానీ దీన్ని కొన్నది మాత్రం మీ మామే!" అని నవ్వాడు. ఆయన చెప్పినవి, నేను తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. అంకె అంటే ఏమి?
స్పానరు మీద 19 అని ఉంటే బోల్టు లావు 19 కాదు. బోల్టు తలలో ఎదురెదురు పక్కల మధ్య దూరం 19 మిల్లీమీటర్లు అని అర్థం. మామూలుగా 6 మి.మీ. బోల్టుకు 10, 8కి 13, 10కి 17, 12కి 19 నంబరు స్పానరు పడుతుంది. కొత్త కొలతల బోల్టుల్లో 10కి 16, 12కి 18 కూడా వస్తాయి. కాబట్టి పెట్టి చూడాలి. వదులుగా ఉంటే లాగకూడదు.

2. మెరుపు వేరు, బలం వేరు
మెరిసేది పైపూత. అది తుప్పు రాకుండా కాపాడుతుంది, అంతే. బలం లోపలి ఉక్కుది. మంచి స్పానరును ఉక్కును ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి సుత్తి దెబ్బతో చేస్తారు. తర్వాత మన కమ్మరి కొడవలికి పదును పెట్టినట్టే కాల్చి చల్లార్చి గట్టి పరుస్తారు. ఉక్కులో క్రోమియం, వెనేడియం కలిపితే ఇంకా బలం. ఇవి సరిగ్గా చేయకపోతే మెత్తగా ఉండి విచ్చుకుంటుంది, లేదా పెళుసై విరుగుతుంది.

3. ఎక్కడ తయారవుతాయి?
పంజాబులోని జలంధర్, లూధియానాలు చేతి పనిముట్లకు పేరు పొందిన ఊర్లు. మహారాష్ట్రలోని తపారియా కంపెనీ 1969లో స్వీడన్ కంపెనీ సహకారంతో వీటిని చేయడం మొదలుపెట్టింది. మంచి సరుకు కోసం విదేశీ పేరే వెతకనక్కరలేదు. అయితే పేరున్న వాటికి నకిలీలు కూడా వస్తాయి. అందుకే బిల్లు ఇచ్చే అంగట్లో కొనాలి.

4. లెక్క వేద్దాం
ఒక స్పానరు 60 రూపాయలు, ఒక సంవత్సరం వస్తుంది అనుకుందాం. ఇంకొకటి 180 రూపాయలు, 10 సంవత్సరాలు వస్తుంది. మొదటిదానికి సంవత్సరానికి 60, రెండవదానికి 18 రూపాయలే! పాడైన బోల్టు, పోయిన రెండు రోజులు దీనిలో కలపలేదు.

మరి డబ్బు లేనివాళ్లు ఏం చేయాలి? సెట్టు కొనవద్దు. రోజూ వాడే రెండు మూడు నంబర్లే మంచివి కొనాలి. ఎప్పుడో ఒకసారి వాడేది చవకదైనా, అడిగి తెచ్చుకున్నా ఫరవాలేదు.

5. అంగట్లో చూడవలసినవి
- అంకె, కంపెనీ పేరు లోతుగా, స్పష్టంగా అచ్చయి ఉండాలి.
- జేబులో ఒక నట్టు తీసుకెళ్లి పెట్టి చూడాలి. ఆడకూడదు.
- నోటి లోపలి పక్కలు సమానంగా, నునుపుగా ఉండాలి.

6. వాడేటప్పుడు
నోరు తెరిచిన స్పానరు నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది. రింగు స్పానరు చుట్టూ పట్టుకుంటుంది. కాబట్టి బిగుసుకున్న నట్టును మొదట రింగుతో కదిలించాలి. తుప్పు ఉంటే నూనె వేసి కాసేపు ఆగాలి. కటింగ్ ప్లేయరుతో నట్టు తిప్పకూడదు. పని అయ్యాక తుడిచి పెట్టాలి.

మనలో చాలామంది పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో చేరాలనుకుంటున్నారు. మొదట చేతికొచ్చే డబ్బుతో మెరిసే సెట్టు కొని మోసపోవద్దు. మా మామ ఇప్పుడు ఆ 12 స్పానర్లను పక్కన పెట్టి, ఒకే ఒక 19 నంబరు రింగు స్పానరు కొన్నాడు. దాన్ని తాండాలో అందరూ అడిగి తీసుకుపోతున్నారు!

చెప్పండి చూద్దాం:
1. 13 నంబరు స్పానరు మామూలుగా ఎంత లావు బోల్టుకు పడుతుంది?
2. 90 రూపాయలది 2 ఏళ్లు, 200 రూపాయలది 8 ఏళ్లు వస్తే ఏది లాభం?

– ఒక 9వ తరగతి విద్యార్థి